మీ కాలనీ వీధులు వలలా అల్లుకున్నాయా, చెట్టులా చీలిపోయాయా? విశాఖలో కొలిచి చూసే పద్ధతి

మధురవాడ వైపు మేముండే కాలనీలో మా వీధి చివర ఒక ప్రహరీ గోడ ఉంది. గోడకు అవతల ఇంకో లేఅవుట్. మెడికల్ షాపు, టిఫిన్ బండి, సిటీ బస్సు ఆగే చోటు అన్నీ అటువైపే. మా మేడ మీద నిలబడితే మెడికల్ షాపు బోర్డు మీది అక్షరాలు చదువుకోవచ్చు. కానీ అమ్మకు బీపీ మాత్రలు తేవాలంటే వీధి మొగకు వెళ్లి, మెయిన్ రోడ్డు ఎక్కి, సర్వీసు రోడ్డు మీదుగా తిరిగి, అవతలి లేఅవుట్ ఆర్చి కిందనుంచి లోపలికి రావాలి. ఒకరోజు కొలిచాను. నేరుగా అయితే 90 మీటర్లు. నడిచే దారిలో 1,170 మీటర్లు. పదమూడు రెట్లు!

గోడలో ఒకచోట ఇటుక ఒకటి ఊడిపోయి కాలు పెట్టేంత సందు ఉంది. బడికి వెళ్లే పిల్లలు ముందు బ్యాగు అవతలకు విసిరి, ఆ సందులో కాలు పెట్టి గోడ ఎక్కుతారు. వాళ్ల చెప్పుల రాపిడికి ఆ సందు అంచు నున్నగా అరిగిపోయింది. దాన్ని దగ్గరగా చూసిన రోజే ఈ లెక్కలు మొదలుపెట్టాను. రోడ్డు వెడల్పు చెయ్యమని, తారు వెయ్యమని అడిగేవాళ్లు మన ఊళ్లో చాలామంది ఉన్నారు. ఈ రోడ్డును ఆ రోడ్డుతో కలపమని అడిగేవాళ్లే తక్కువ. అడగాలంటే ముందు కొలవాలి. ఎలా కొలవాలో చెబుతాను. చదువుతో పెద్ద పనిలేదు. రెండు ఆదివారాలు, మంచి చెప్పులు, ఒక గళ్ల కాగితం, మూడు రంగుల పెన్నులు, ఫోను ఉంటే చాలు.

ముందు మనసులో పెట్టుకోవాల్సిన బొమ్మ

జాలరిపేట ఒడ్డున ఆరబెట్టిన వలను చూసే ఉంటారు. ఒక పోగు తెగినా మిగతా పోగులు వలను పట్టుకునే ఉంటాయి. ఒక ముడి నుంచి ఇంకో ముడికి వెళ్లడానికి నాలుగైదు దారులుంటాయి. చెట్టు అలా కాదు. చిటారు కొమ్మ మీది చీమ పక్క కొమ్మకు వెళ్లాలంటే కిందికి దిగి, మాను దగ్గరకు వచ్చి, మళ్లీ ఎక్కాలి. కొమ్మ విరిగితే దాని మీదున్నవన్నీ పడిపోతాయి.

వీధులు కూడా ఈ రెండు రకాలే. క్రిస్టఫర్ బారింగ్టన్-లీ, ఆడమ్ మిలార్డ్-బాల్ అనే ఇద్దరు పరిశోధకులు ప్రపంచంలోని నగరాల వీధుల పటాలు తీసుకుని, ఏవి వలలా ఉన్నాయో, ఏవి చెట్టులా చీలిపోయాయో కొలిచే ఒక సూచీ తయారుచేశారు. 1975 నుంచి నగరాలు పెరిగిన తీరును దానితో పరిశీలించి 2020లో ప్రచురించారు. కొత్తగా వేసిన వీధులు చాలా దేశాల్లో అంతకంతకూ తక్కువగా కలుస్తున్నాయని తేలింది. ఒకసారి వేసిన వీధి తీరు తరాల తరబడి అలాగే ఉండిపోతుంది కాబట్టి ఇది మామూలు విషయం కాదు. ఇల్లు కూలగొట్టి మళ్లీ కట్టుకోవచ్చు, వీధిని అలా మార్చలేం. మనం చేయబోయేది వాళ్ల పద్ధతికి చేతిలెక్క రూపం.

1. కొలిచే చోటు ఎంచుకోండి

ఊరంతా కొలవాలనుకోకండి. మీ ఇంటి చుట్టూ అర కిలోమీటరు పొడవు, అర కిలోమీటరు వెడల్పు ఉన్న చదరం చాలు. వీలైతే పోల్చడానికి ఇంకో కాలం నాటి పేట ఒకటి తీసుకోండి. విశాఖలో ఈ పోలిక బాగా కుదురుతుంది. 1858లో మునిసిపాలిటీ అయిన ఊరు, 1979లో కార్పొరేషన్ అయింది, 2005లో గాజువాకను, చుట్టుపక్కల గ్రామాలను కలుపుకుని గ్రేటర్ అయింది. ఒక్కో కాలం ఒక్కో రకం వీధులు వేసి వెళ్లింది.

పాత ఊరైన వన్‌టౌన్, పూర్ణా మార్కెట్ వైపు సందులు మనుషులు నడవగా పడినవి. ఇరుకుగా ఉంటాయి, ఆటో తిరగదు, కానీ చాలా సందులు ఇంకో సందులోకి తేలతాయి. ఎంవీపీ కాలనీలో నగరాభివృద్ధి సంస్థ వుడా సెక్టార్లు గీసి వేసిన రోడ్లు వెడల్పుగా, తిన్నగా ఉండి ఒకదాన్నొకటి కోసుకుంటూ పోతాయి. కొమ్మాది, మధురవాడ, పెందుర్తి వైపు వచ్చేసరికి ఎవరి లేఅవుట్ వాళ్లది. ఎవరి పొలం హద్దు దగ్గర వాళ్ల రోడ్డు ఆగిపోతుంది. పక్క పొలం పదేళ్ల తర్వాత లేఅవుట్ అయితే దాని రోడ్లు వేరే లెక్కలో పడతాయి. పొలం గట్లే గోడలైపోయాయన్నమాట.

గూగుల్ ఎర్త్‌లో పాత శాటిలైట్ చిత్రాలు చూసే వీలుంది. మీ చదరాన్ని పెట్టుకుని ఏడాది ఏడాది వెనక్కి వెళ్లండి. ముందు ఏ రోడ్డు వచ్చింది, గోడ ఎప్పుడు లేచింది, రెండు లేఅవుట్ల మధ్య ఖాళీ స్థలంలో కాలిబాట ఏ సంవత్సరం దాకా ఉంది, అన్నీ కనిపిస్తాయి. మా గోడ ఉన్నచోట ఒకప్పుడు మట్టిబాట తెల్లటి గీతలా ఉండేదని నాకు అలాగే తెలిసింది. ఆ చిత్రాన్ని సేవ్ చేసి పెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

2. పటం గీసుకోండి

ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో మీ పేట తెరిచి ప్రింట్ తీసుకోండి. లేదా ఫోను చూస్తూ గళ్ల కాగితం మీద చేత్తో గీయండి. చేత్తో గీసినదే మేలంటాను, ఎందుకంటే గీసేటప్పుడే మీకు అనుమానాలు వస్తాయి. ఇక్కడ నిజంగా దారి ఉందా, మూసేశారా అని.

ఆ అనుమానాలన్నీ నడిచి తీర్చుకోవాలి. ఫోను పటాన్ని మన ఊళ్లో పూర్తిగా నమ్మకూడదు. కొండవాలు కాలనీల్లో మెట్ల దారులు చాలావరకు పటంలో ఉండవు. మనుషులకు మాత్రం రోజూ అవే దారులు. గెడ్డ (వాగు) మీద ఎవరో వేసిన రెండు సిమెంటు పలకలూ పటంలో ఉండవు. మరోవైపు, పటంలో తిన్నగా ఉన్న రోడ్డు మధ్యలో అక్కడికి వెళ్లి చూస్తే గేటు, గొలుసు, తాళం. బండ్లు వెళ్లే దారి నీలం రంగుతో, మనుషులు మాత్రమే వెళ్లే దారి ఆకుపచ్చతో, అడ్డు ఉన్నచోట ఎరుపుతో గుర్తు పెట్టండి. గేటుంటే ఎన్నింటికి తీస్తారో, ఎన్నింటికి మూస్తారో అక్కడి వాచ్‌మన్‌ను అడిగి పక్కనే రాసుకోండి. పగలు తెరిచి రాత్రి పదికి మూసే గేటు సగం గోడే. రాత్రి డ్యూటీ దిగి వచ్చేవాళ్లకు, ఆసుపత్రికి పరుగెత్తేవాళ్లకు అది పూర్తి గోడ.

3. కూడళ్లు లెక్కపెట్టండి

విశాఖ వాళ్లకు జంక్షన్ గురించి చెప్పనక్కర్లేదు. అడ్రస్ చెప్పాలంటేనే ఏదో ఒక జంక్షన్‌తో మొదలుపెడతాం. కానీ ఇక్కడ మద్దిలపాలెం, హనుమంతవాక లాంటి పెద్దవే కాదు, మీ వీధిలోకి చిన్న సందు కలిసినా అది కూడలే. ప్రతి కూడలి దగ్గర ఎన్ని దారులు కలుస్తున్నాయో అంకె వేయండి. మూడు దారులు కలిస్తే 3, నాలుగైతే 4. వీధి ఆగిపోయేచోట 1.

ఈ ఒకటి అంకెల మీదే దృష్టి పెట్టండి. మన స్టేషన్‌కు వచ్చిన హౌరా, చెన్నై రైళ్లు చాలావరకు ఇంజిన్ అటు మార్చుకుని, వచ్చిన దారినే కొంత దూరం వెనక్కి వెళ్లడం చూస్తుంటాం. కొత్తవాళ్లు కంగారుపడి, రైలు వెనక్కి పోతోందేమని అడుగుతారు. ఆగిపోయే వీధిలో చెత్త బండికి, గ్యాస్ సిలిండర్ బండికి, 108కి రోజూ ఇదే పరిస్థితి. ఇంజిన్ మార్చే వీలు కూడా లేదు, రివర్స్‌లోనే రావాలి. సిటీ బస్సు అయితే అసలు లోపలికే రాదు, తిరగడానికి చోటుండదు కదా.

ఒక జాగ్రత్త. మీ చదరం అంచు దగ్గర తెగిన రోడ్డు ఆగిపోయిన వీధి కాదు. అంచు దాటి చూసి అప్పుడు అంకె వేయండి.

ఇప్పుడు లెక్క. అంకెలన్నీ కూడి సగం చేస్తే కూడళ్ల మధ్య ఎన్ని వీధి ముక్కలున్నాయో వస్తుంది. ఎందుకంటే ప్రతి ముక్కకూ రెండు కొసలు, రెండుసార్లు లెక్కలోకి వచ్చింది. ఆ సంఖ్యను మొత్తం కూడళ్ల సంఖ్యతో భాగించండి. ఇందులో ఆగిపోయే చోట్లనూ కూడళ్లుగానే లెక్కపెట్టాలి.

ఉదాహరణకు 20 కూడళ్లున్నాయి, అందులో 9 చోట్ల వీధి ఆగిపోతోంది, 9 చోట్ల మూడు దారులు, 2 చోట్ల నాలుగు దారులు అనుకుందాం. తొమ్మిది, ఇరవై ఏడు, ఎనిమిది కలిపితే 44. సగం 22. దాన్ని 20తో భాగిస్తే 1.1. ఇది దాదాపు చెట్టే. అదే 20 కూడళ్లలో 2 మాత్రమే ఆగిపోయేవి, 10 మూడు దారులవి, 8 నాలుగు దారులవి అయితే మొత్తం 64, సగం 32, భాగిస్తే 1.6. ఇది వల. 1.4 దాటితే నడవడానికి బాగా కలిసిన వీధులని నగర ప్రణాళిక వాళ్లు సాధారణంగా లెక్కగడతారు. అంతటా నాలుగు రోడ్లు కలిసే గళ్ల ఊరైతే 2కు దగ్గరవుతుంది.

లెక్క రెండుసార్లు చేయండి. ఒకసారి నీలం దారులతో మాత్రమే, ఇంకోసారి ఆకుపచ్చవి కూడా కలిపి. కొండవాలు పేటల్లో రెండో అంకె ఒక్కసారిగా పెరిగితే, ఆ మెట్లు ఎంత మోస్తున్నాయో అప్పుడు తెలుస్తుంది. రెయిలింగ్ లేని, దీపం లేని ఆ మెట్లను రోడ్డు అంత జాగ్రత్తగా చూసుకోవాలని అడగడానికి అదే ఆధారం.

4. చుట్టుదారిని కొలవండి

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇది. సమయం లేకపోతే మిగతావన్నీ వదిలేసి ఇదొక్కటి చేసినా చాలు.

ఇంటి నుంచి రోజూ వెళ్లే ఆరు చోట్లు రాసుకోండి. బస్టాపు, బడి, రేషన్ డిపో, మెడికల్ షాపు, పార్కు, కూరగాయలు కొనే చోటు. ఒక్కోదానికి రెండు దూరాలు కావాలి. నేరు దూరం కోసం గూగుల్ మ్యాప్స్‌లో ఇంటి మీద వేలు కాసేపు నొక్కి పట్టుకుంటే దూరం కొలిచే ఆప్షన్ వస్తుంది. దాన్ని చేరాల్సిన చోటు దాకా లాగండి. నడక దూరం కోసం నిజంగానే నడవండి. ఫోనులో నడక దూరం చూపే యాప్ ఏదైనా సరిపోతుంది. నడక దూరాన్ని నేరు దూరంతో భాగించండి.

వచ్చిన అంకెను ఎలా చదవాలంటే, చక్కటి గళ్ల వీధుల్లో ఏ కూడలి నుంచి ఏ కూడలికి వెళ్లినా ఇది 1కీ 1.41కీ మధ్యే ఉంటుంది. చదరానికి రెండు భుజాలు నడిచినా కర్ణానికి 1.41 రెట్లే కదా. అందుకని 1.5 లోపు వస్తే మీ వీధులను తప్పుపట్టలేం. 2 దాటిందంటే మధ్యలో ఏదో అడ్డుంది. 4, 5 వచ్చినచోట ఆ అడ్డు దగ్గరకు వెళ్లి నిలబడి చూడండి. దగ్గర చోట్లకే ఈ అంకె పెద్దగా వస్తుంది. కిలోమీటరు దూరం ఉన్నచోటికి అరకిలోమీటరు చుట్టు పెద్దగా తెలియదు. వంద మీటర్ల చోటికి అదే చుట్టు పడితే మనిషి నడక మానేసి బండి తీస్తాడు. పాలప్యాకెట్‌కు కూడా స్కూటీ తీసే ఇల్లు కనబడితే బద్ధకమనకండి, ముందు ఆ ఇంటి అంకె చూడండి.

ఈ నడకకు ఒక పెద్దావిడను, ఒక బడి పిల్లవాడిని తోడు తీసుకెళ్లండి. మనకు దారిగా కనిపించేది వాళ్లకు దారి కాకపోవచ్చు. మా అమ్మ వచ్చిన రోజు, నేను ఆకుపచ్చ గీసిన ఒక గెడ్డ పలకను చెరిపించింది. ‘వానాకాలం దీనిమీంచి ఎవరు వెళ్తార్రా’ అంది. నిజమే, పలక అంచున నాచు పట్టి ఉంది.

5. పది నిమిషాల్లో ఎంత దూరం?

ఇది చూపించడానికి బాగుంటుంది, అందుకే చెబుతున్నాను. మామూలు నడకలో పది నిమిషాలకు సుమారు 800 మీటర్లు వెళ్తాం. ఇంటి నుంచి నాలుగు వైపులా, వీలైతే ఎనిమిది వైపులా, పదేసి నిమిషాలు నడిచి ఆగినచోటల్లా ఇంకాస్త పెద్ద పటం మీద (మొదటి చదరం దీనికి చాలదు) చుక్క పెట్టండి. చుక్కలు కలపండి. ఇంటి చుట్టూ 800 మీటర్ల వృత్తం కూడా గీసి, వృత్తంలో ఎన్ని గళ్లున్నాయో, మీ ఆకారంలో ఎన్ని గళ్లున్నాయో లెక్కపెట్టండి. లోపం లేని గళ్ల వీధుల్లో కూడా వృత్తంలో 64 శాతమే అందుతుంది. పాతిక శాతం కూడా రాకపోతే, మీ పక్కనున్న ఊరిలో ఎక్కువ భాగం మీకు లేనట్టే. ఇంటి గోడకు ఆ పటం అంటిస్తే చుట్టాలు కూడా ఆగి చూస్తారు.

6. అడ్డు ఏమిటో విడదీయండి

ఎరుపు గుర్తుల దగ్గరకు మళ్లీ వెళ్లండి. విశాఖలో అడ్డులన్నీ ఒక జాతివి కావు. ఉత్తరాన సింహాచలం, కైలాస కొండల వరుస, దక్షిణాన యారాడ కొండ, తూర్పున సముద్రం. మధ్యలో పోర్టు, విమానాశ్రయం, రైలు పట్టాలు, నేవీ స్థలాలు. ఊరు వీటి సందుల్లోంచి పెరిగింది. గాజువాక నుంచి సిటీకి రావాలంటే ఎన్‌ఏడీ జంక్షన్ వైపు రావాలి, లేకపోతే మల్కాపురం, పోర్టు వైపు తిరగాలి. ఎన్‌ఏడీ దగ్గర బండ్లు ఆగితే ఊరికి ఆ చివరనున్నవాళ్లకు కూడా టెన్షనే. కొండను తప్పుపట్టి లాభం లేదు. పట్టాల కిందినుంచి చావులమదుం లాంటి దారి ఇంకొకటి కావాలంటే రైల్వే, ప్రభుత్వం, కోట్ల రూపాయలు, ఏళ్లు కావాలి. గెడ్డ మీద మనుషులు నడిచే చిన్న వంతెనకు అంత అక్కర్లేదు, కార్పొరేషన్ తలచుకుంటే వేయగలదు. లేఅవుట్ల మధ్య గోడకైతే మనిషి పట్టేంత ఖాళీ చాలు. అందుకే నా సలహా, గోడతో మొదలుపెట్టండి.

అవతలివాళ్ల భయం కూడా వినాలి. గోడ తీస్తే దొంగలు వస్తారని, హైవే ట్రాఫిక్ అంతా మా వీధిలోంచి పోతుందని అంటారు. రెండోది న్యాయమైన భయం. దానికి జవాబు, బండి పట్టని ఖాళీ. రెండు సిమెంటు దిమ్మెలు పాతి, పైన ఒక వీధిదీపం పెడితే మనిషి, సైకిల్, పిల్లల బండి వెళ్తాయి, కారు వెళ్లదు. వెలుతురుండి నలుగురు నడిచే దారిలో దొంగకు ఏం పని?

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చిపోయాక మా వీధి మొగలో చెట్టు పడింది. ఒకటే మొగ. చెట్టు కోసే దాకా ఏ బండీ బయటకు రాలేదు. ఎదురింటి తాతగారిని ఆసుపత్రికి తీసుకెళ్లడానికి నలుగురం కుర్చీలో కూర్చోబెట్టి కొమ్మల మీంచి దాటించాం. వీధికి రెండో దారి ఉంటే సౌకర్యం కదా అని అనుకునేవాణ్ణి. ఆ రోజు నుంచి దాన్ని సౌకర్యం అనడం మానేశాను.

7. కాగితాలు తీయండి, అడగండి

అనుమతి ఉన్న ప్రతి లేఅవుట్‌కూ ఎల్‌పీ నంబరు ఉంటుంది. మీ ప్లాటు దస్తావేజులోనో, లేఅవుట్ బ్రోచర్‌లోనో దొరుకుతుంది. ఆ నంబరుతో ఆమోదించిన ప్లాన్ నకలు కోసం సమాచార హక్కు చట్టం కింద వీఎంఆర్‌డీఏకు (వుడా ఇప్పటి పేరు) గానీ జీవీఎంసీకి (నగర కార్పొరేషన్) గానీ దరఖాస్తు పెట్టండి. ఫీజు 10 రూపాయలు, నకళ్ల ఖర్చు వేరు. జవాబుకు గడువు 30 రోజులు. ప్లాన్ చేతికొచ్చాక ఒక్కటే చూడండి. మీ వీధి హద్దు దాకా రోడ్డుగా గీసి ఉందా? లేఅవుట్ రోడ్లను గిఫ్ట్ డీడ్ ద్వారా స్థానిక సంస్థకు అప్పగించడం మన రాష్ట్రంలో పద్ధతి. అలా అప్పగించిన రోడ్డు మీద గోడ ఉంటే అది ఎవరి సొంత గోడా కాదు, అందరి రోడ్డుకు అడ్డం. గేటెడ్ కమ్యూనిటీగానే అనుమతి తీసుకున్న చోటైతే సంగతి వేరు, అక్కడ మాట్లాడి ఒప్పించాల్సిందే. పక్క స్థలం ఇంకా ఖాళీగా ఉంటే మాస్టర్ ప్లాన్‌లో దానిలోంచి రోడ్డు చూపించారేమో చూడండి. లేఅవుట్ వేయకముందు అడగడం తేలిక.

అర్జీ ఒక పేజీ దాటొద్దు. పైన పటం, ఎర్రగీత ఎక్కడో బాణం గుర్తు. కింద మూడు అంకెలు: నేరు దూరం, నడక దూరం, ఆ చుట్టు తిరిగే ఇళ్లు ఎన్ని. పాత శాటిలైట్ చిత్రం జతచేయండి. మీ వార్డు ప్లానింగ్ కార్యదర్శికి ముందు ఇవ్వండి, రసీదు తీసుకోండి. అవతలి లేఅవుట్ సంఘం వాళ్లకు కూడా అదే కాగితం ఇవ్వండి, అర్జీ పెట్టకముందే. వాళ్ల పిల్లల్లో కొందరి బడి మీ వైపు ఉండి తీరుతుంది. మా దగ్గర గోడ గురించి మొదట మాట్లాడింది నేను కాదు, అవతలి వైపు ఒక టీచరమ్మ. ఆమె బడి ఇటువైపు.

దారి తెరుచుకున్న రోజున ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఖాతా తెరిచి దాన్ని కాలిబాటగా చేర్చండి. తెరుచుకోకపోతే గోడను గోడగా చేర్చండి. మీ గళ్ల కాగితం మీద తేదీ వేసి దాచండి, వచ్చే ఏడాది వానాకాలం దాటాక అవే ఆరు చోట్లకు మళ్లీ నడవాలి.